చిన్న డిస్టిలరీ టూర్‌కు వెళ్తే ముందు ముక్కుకు పని చెప్పండి

విస్కీ, జిన్ లాంటి మద్యం కాచే చోటైన డిస్టిలరీ టూర్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది చూపు చివర్లో పోసే గ్లాసుల మీదే ఉంటుంది. అంతకు ముందు గంటసేపు గైడ్ చెప్పేది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. నిజానికి గ్లాసులో మీ ముక్కుకు తగిలే ప్రతి వాసనా ఆ గంటలో మీరు దాటొచ్చిన ఏదో ఒక గదిలో పుట్టిందే. పులిసే తొట్టె దగ్గరి పండు వాసన, స్టిల్ (మద్యం కాచే పాత్ర) దగ్గరి ఘాటు, గోదాములోని చెక్క వాసన గుర్తుపెట్టుకుని టేస్టింగ్ బల్ల దగ్గర కూర్చుంటే, పదిహేను మిల్లీలీటర్లలో కూడా బోలెడంత దొరుకుతుంది. అందుకే ఈ టూర్‌లో ముఖ్యమైన పనిముట్టు మీ ముక్కే. బుక్ చేసుకోవడం నుంచి సీసా ఇంటికి తెచ్చుకోవడం దాకా ఏం చేయాలో వరసగా చెప్తాను.

అక్కడే తయారుచేస్తున్నారో లేదో ముందు కనుక్కోండి

‘క్రాఫ్ట్’ అన్న ముద్ర చూసి చిన్న సంస్థ అనుకోకండి. ఆ మాటకు ప్రపంచమంతటా చెల్లే చట్టపరమైన నిర్వచనం లేదు. అమెరికన్ క్రాఫ్ట్ స్పిరిట్స్ అసోసియేషన్ పెట్టుకున్న గీత ఏడాదికి 7,50,000 ప్రూఫ్ గ్యాలన్ల లోపు అమ్మకాలు. ప్రూఫ్ గ్యాలన్ అంటే 50 శాతం ఆల్కహాల్ ఉన్న ఒక అమెరికన్ గ్యాలన్. లెక్క వేస్తే 28 లక్షల లీటర్ల పైమాటే. ఇద్దరు ముగ్గురు నడిపే షెడ్డూ, వందల మంది పనిచేసే ఫ్యాక్టరీ రెండూ ఆ గీత లోపలే ఇమిడిపోతాయి.

ఇంకో సంగతి. కొన్నిచోట్ల అందంగా మెరిసే రాగి స్టిల్ ఉంటుంది గానీ, సీసాలోకి వెళ్లే విస్కీ ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో తయారై పీపాల్లో వచ్చినదై ఉంటుంది. అది తప్పేమీ కాదు. మంచి విస్కీని ఎంచి, కలిపి, సీసాల్లో నింపడం కూడా ఒక పనితనమే. దాన్ని దాచిపెడితేనే ఇబ్బంది. అమెరికన్ లేబుల్ అయితే ‘డిస్టిల్డ్ బై’ అని ఉందా, లేక ‘బాటిల్డ్ బై’, ‘ప్రొడ్యూస్డ్ బై’ అని మాత్రమే ఉందా చూడండి. జిన్ విషయం వేరు. చాలామంది జిన్ తయారీదారులు తనకంటూ వాసన, రుచి లేని 96 శాతం తటస్థ ఆల్కహాల్‌ను బయట కొని, దానికి జూనిపర్ కాయలు, ధనియాలు, ఏంజెలికా వేరు లాంటివి చేర్చి మళ్లీ కాచుతారు. వాళ్ల ప్రతిభంతా ఆ రెండో కాపులో ఉంటుంది.

కొత్త డిస్టిలరీలో విస్కీ లేకుండా జిన్, వోడ్కా మాత్రమే ఉంటే నిరాశపడకండి. స్కాచ్ విస్కీకి ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలన్న చట్టం ఉంది. ఆ మూడేళ్లూ జీతాలు, అద్దెలు ఆగవు కదా! కాబట్టి వారాల్లో అమ్మకానికి వచ్చే జిన్‌తో చాలామంది మొదలుపెడతారు. అలాంటి చోటే పీపాలో ఎదుగుతున్న సరుకును నడిమధ్య వయసులో రుచి చూసే అవకాశం దొరకవచ్చు, అడిగి చూడండి.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

ఫోన్ చేసి మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ‘ఆ రోజు స్టిల్ నడుస్తుందా?’ చిన్న డిస్టిలరీలు రోజూ కాచవు. వారంలో కొన్ని రోజులు పులియబెట్టడం, కొన్ని రోజులు కాచడం, మిగతా రోజులు సీసాలు నింపడం జరుగుతుంది. మరమ్మతుల కోసం ఏడాదిలో కొన్ని వారాలు అంతా ఆపేసేవాళ్లూ ఉన్నారు. స్కాట్లాండ్‌లో ఇది ఎక్కువగా వేసవిలో జరుగుతుంది. చల్లారిన స్టిల్ ఫోటోకు బాగుంటుంది గానీ వాసన చెప్పదు. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ, పని తక్కువ. కుదిరితే మామూలు పనిరోజున, మధ్యాహ్న భోజనానికి ముందుండే సమయం తీసుకోండి. అప్పటికి ముక్కు ఇంకా అలిసిపోదు, గైడ్ కూడా అలిసిపోడు.

గుంపులో ఎంతమంది ఉంటారో కనుక్కోండి. పది మంది లోపైతే ప్రశ్నలు అడగడానికి వీలుంటుంది. వయసు నిబంధన, గుర్తింపు కార్డు, పిల్లల్ని లోపలికి రానిస్తారా, మెట్లు ఎక్కలేనివాళ్లకు వేరే దారి ఉందా అన్నవి ముందే తేల్చుకోండి. చాలా స్టిల్ గదుల్లో ఇనుప జాలీ మెట్లుంటాయి. బండి నడిపేవాళ్లకు టేస్టింగ్ బదులు చిన్న చిన్న సీసాల్లో పోసి ఇంటికి ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. అది కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి.

బయల్దేరే ముందు

సెంటు పూసుకోకండి. ఘాటైన హెయిర్ ఆయిల్, ఆఫ్టర్ షేవ్ కూడా వద్దు. మీ ముక్కుతో పాటు పక్కవాళ్ల ముక్కు కూడా పాడవుతుంది. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మొహమాటపడకుండా తేదీ మార్చుకోండి. మూసుకున్న ముక్కుతో ఏ గ్లాసైనా ఒక్కటే, ఉత్త మంట.

కడుపు నిండా కాకపోయినా గట్టిగా ఏదైనా తిని వెళ్లండి. ఖాళీ కడుపుతో ఆల్కహాల్ చాలా తొందరగా రక్తంలోకి వెళ్తుంది. తిన్నదాంట్లో కారం, పచ్చి వెల్లుల్లి ఎక్కువ లేకుండా చూసుకోండి. వేళ్లు బయటికి కనపడని, జారని చెప్పులో బూట్లో వేసుకోండి. జుట్టు పొడుగ్గా ఉంటే ముడి వేసుకోండి. గర్భిణులు టూర్‌కు నిశ్చింతగా రావచ్చు, టేస్టింగ్ మాత్రం వద్దు. మందులు వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, నిద్రమాత్రల లాంటివి వాడేవాళ్లు, డాక్టర్‌ను అడిగాకే గ్లాసు ముట్టుకోవాలి.

ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ పెట్టుకోండి. ఒక పేజీలో మూడు గడులు గీసి, పైన ‘తొట్టె’, ‘స్టిల్’, ‘పీపా’ అని రాసుకోండి. దీని ఉపయోగం టేస్టింగ్ దగ్గర తెలుస్తుంది.

లోపల: ఏ గదిలో ఏం పట్టుకోవాలి

టూర్ సాధారణంగా ధాన్యంతో మొదలవుతుంది. గైడ్ నాలుగు మాల్ట్ గింజలు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) చేతిలో పెడితే నోట్లో వేసుకుని నమలండి. మొదట పొడిగా ఉండి కాసేపటికి తీపెక్కుతుంది. తర్వాత ఆ ధాన్యాన్ని ముతకగా మరపట్టించి వేడినీళ్లలో నానబెడతారు. మాల్ట్ విస్కీకి మొదటి నీరు దాదాపు 63 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మొలకెత్తిన గింజలోని ఎంజైములు ఆ వేడిలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. నీరు మరీ వేడెక్కితే ఆ ఎంజైములే చచ్చిపోతాయి. ఈ గదిలో గంజి వాసన, కాస్త బిస్కెట్ వాసన ఉంటుంది. ఎక్కువసేపు అక్కర్లేదు, ఆ వాసన మనసులో పెట్టుకుని ముందుకు నడవండి.

పులిసే తొట్టెల దగ్గర మాత్రం నిలబడండి. చాలామంది ఇక్కడ రెండు నిమిషాలు కూడా ఆగరు. నా దృష్టిలో టూర్ మొత్తంలో అన్నిటికంటే విలువైన చోటు ఇదే, ఎందుకంటే పండ్ల వాసనల్లో చాలావరకు పుట్టేది ఇక్కడే. ఈస్ట్ ఆ తీపినీళ్లలోని చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రెండు రోజుల నుంచి నాలుగు రోజుల్లో 7 నుంచి 10 శాతం ఆల్కహాల్ ఉన్న ఒకరకం ముతక బీరు తయారవుతుంది. గైడ్‌ను ‘ఎన్ని గంటలు పులియబెడతారు?’ అని అడగండి. రెండు రోజుల్లో ముగిస్తే గింజ వాసన, బాదం లాంటి వాసన ముందుంటాయి. మూడు రోజులు దాటితే లాక్టిక్ బ్యాక్టీరియా కూడా చేయి కలిపి అనాస, ఆపిల్ లాంటి వాసనలు పెరుగుతాయి. ఈ ఒక్క జవాబు వింటే ఆ డిస్టిలరీ తొందర మనిషిదా, ఓపిక మనిషిదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

ఇక్కడ జాగ్రత్త: గైడ్ మూత తీసినప్పుడు తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చకండి. తొట్టె పైన నిలిచి ఉండేది కార్బన్ డయాక్సైడ్. ముక్కులో సూదులు గుచ్చినట్టు మండుతుంది, ఎక్కువ పీలిస్తే కళ్లు తిరుగుతాయి. అంచుకు ఒక మూర దూరంలో నిలబడి, చేత్తో గాలిని మీ వైపు విసురుకుని చూడండి.

తర్వాత స్టిల్ గది. ఆల్కహాల్ 78.4 డిగ్రీల దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి వేడిచేస్తే ఆల్కహాల్ ముందు ఆవిరవుతుంది అని గైడ్ చెప్తారు. నిజమే గానీ అంత శుభ్రంగా విడిపోవు, నీరూ వాసనలూ కలిసే పైకి లేస్తాయి. అందుకే మాల్ట్ విస్కీని మామూలుగా రెండుసార్లు కాచుతారు. మొదటిసారి వచ్చేది 20 శాతం పైచిలుకు, రెండోసారి మధ్యలో పట్టేది 65 నుంచి 70 శాతం దగ్గర ఉంటుంది. స్టిల్ రాగితో చేయడం అందం కోసం కాదు. కుళ్లిన గుడ్డు, ఉడికిన క్యాబేజీ వాసననిచ్చే గంధకపు పదార్థాలను రాగి పట్టేసుకుంటుంది. ఆవిరి రాగిని ఎంతసేపు తాకితే సరుకు అంత తేలికగా వస్తుంది. పొడుగు మెడ ఉన్న స్టిల్ తేలికైన సరుకు, పొట్టి మెడ స్టిల్ బరువైన సరుకు ఇవ్వడానికి ఒక కారణం ఇదే. పక్కన నిలువు స్తంభంలా పళ్లేలున్న స్టిల్ కనిపిస్తే అది నిరంతరంగా కాచే పద్ధతి నుంచి వచ్చింది. దానికి ఏనియస్ కాఫీ 1830లో పేటెంట్ తీసుకున్నాడు.

ఇక్కడ అడగాల్సిన అసలు ప్రశ్న: ‘ఎక్కడ కోస్తారు, ఎవరు కోస్తారు?’ రెండో కాపులో మొదట వచ్చేది తల. దానికి గోళ్ల రంగు చెరిపే ద్రవం వాసన ఉంటుంది. మధ్యలో వచ్చేది గుండె, సీసాలోకి పోయేది అదే. చివర వచ్చేది తోక. తడిసిన అట్టపెట్టె, తడి తోలు వాసన. తలను ఎప్పుడు ఆపాలి, తోకను ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కొందరు ఆల్కహాల్ శాతం చూసి, కొందరు వేడి చూసి, కొందరు ముక్కుతో నిర్ణయిస్తారు. పెద్ద ఫ్యాక్టరీలో ఈ నిర్ణయం యంత్రానికి అప్పగించి ఉండవచ్చు. చిన్నచోట ఆ కోత వేసే మనిషే మీ ముందు నిలబడి ఉండవచ్చు. చిన్న డిస్టిలరీకి వెళ్లడంలో ఉన్న భాగ్యం అదే, కాబట్టి ఆ మనిషితో మాట్లాడే అవకాశం వదులుకోకండి.

అప్పుడే కాచిన రంగులేని సరుకు చూపిస్తే తాగడానికి తొందరపడకండి. అరచేతిలో రెండు చుక్కలు వేయమని అడగండి. రెండు అరచేతులూ గట్టిగా రుద్ది, దోసిలి చేసి ముక్కు దగ్గర పెట్టుకోండి. మొదట ఆల్కహాల్ ఘాటు గుప్పుమంటుంది. నాలుగైదు క్షణాల్లో అది ఎగిరిపోయి పండు వాసన మిగులుతుంది. చేతులు పూర్తిగా ఆరాక అట్టడుగున గింజ వాసన ఉంటుంది, ఇందాక నమిలిన మాల్ట్ వాసనే. ఆల్కహాల్ ఘాటు, తొట్టెలోని పండు, ధాన్యపు తీపి మీ చేతిలోనే ఒకదాని తర్వాత ఒకటి వరసగా విడివడతాయి. తోక ఎక్కువ కలిపిన సరుకైతే ఆఖర్న తడి అట్ట వాసన కూడా తగులుతుంది.

ఈ గదిలో, పీపాల గోదాములో ఫోన్ తీయొద్దంటే వాదించకండి. గాలిలో ఆల్కహాల్ ఆవిరి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు.

గోదాములోకి అడుగు పెట్టగానే వచ్చే తీపి చెక్క వాసన పీపాల రంధ్రాల్లోంచి ఎగిరిపోతున్న ఆల్కహాల్‌దే. దాన్ని దేవతల వాటా అంటారు. చల్లని స్కాట్లాండ్‌లో అది ఏడాదికి దాదాపు 2 శాతం, వేడి దేశాల్లో అంతకు ఎన్నో రెట్లు. పీపా ఇంతకు ముందు దేనికి వాడారో అడగండి. బోర్బన్ అనే అమెరికన్ విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలని అమెరికా చట్టం. ఆ పాత పీపాలే తర్వాత స్కాచ్‌కు, రమ్‌కు వెళ్తుంటాయి. పీపా ఎన్ని లీటర్లదో కూడా అడగండి. బోర్బన్ పీపా దాదాపు 200 లీటర్లు. కొన్ని కొత్త డిస్టిలరీలు తొందరగా రంగు రావాలని 20, 30 లీటర్ల పీపాలు వాడతాయి. చిన్న పీపాలో సరుకుకు చెక్క తగిలే భాగం ఎక్కువ కాబట్టి రంగు, వెనీలా కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. కానీ కొత్త సరుకులోని గరుకుదనం తగ్గడానికి కాలమే కావాలి, దానికి అడ్డదారి లేదు. చూడటానికి ముదురు రంగు, నోట్లో రంపపు పొట్టు రుచి ఉంటే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

టేస్టింగ్ బల్ల దగ్గర

ముందు లెక్క చూసుకోండి. ఒక్కో గ్లాసులో 15 మిల్లీలీటర్లు, ఐదు గ్లాసులు, 40 శాతం ఆల్కహాల్ అనుకుంటే మొత్తం 30 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్, అంటే దాదాపు 24 గ్రాములు. బ్రిటన్ లెక్కలో అది 3 యూనిట్లు. శరీరం సగటున గంటకు ఒక యూనిట్ మాత్రమే వదిలించుకుంటుంది. నీళ్లు కలపకుండా పీపా నుంచి నేరుగా నింపిన 60 శాతం సరుకైతే అదే 15 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ ఒకటిన్నర రెట్లు. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబర్ నుంచి డ్రైవర్లకు పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు. దేశాన్ని బట్టి ఈ సంఖ్య మారుతుంది గానీ, మీరు పాటించాల్సింది ఒక్కటే: టేస్టింగ్ చేసినవాళ్లు స్టీరింగ్ ముట్టుకోకూడదు.

బల్ల మీద ఉమ్మేందుకు గిన్నె ఉంటుంది, లేకపోతే అడగండి. పని తెలిసినవాళ్లు ఉమ్మేస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు. నచ్చని గ్లాసును పూర్తి చేయాలన్న నియమం కూడా లేదు.

మూతి దగ్గర సన్నబడే తులిప్ ఆకారపు గ్లాసు మంచిది. విస్కీ బల్లల మీద ఎక్కువగా కనిపించే గ్లెన్‌కెర్న్ గ్లాసు 2001లో వచ్చింది. పోయకముందే ఖాళీ గ్లాసు వాసన చూడండి. సబ్బు వాసనో అల్మారా వాసనో వస్తే కడిగించండి. వరస ఇలా ఉంటే మేలు: పీపా తగలనిది ముందు, పీపాలో పెరిగినది తర్వాత, పొగ వాసన ఉన్నది ఆ తర్వాత, తీపి కలిపిన లిక్యూర్లు ఆఖర్న. తక్కువ శాతం నుంచి ఎక్కువ శాతానికి వెళ్లండి.

గ్లాసును వైన్ తిప్పినట్టు గిరగిరా తిప్పకండి, ఆల్కహాల్ ఆవిరి ఎగసి ముక్కు మొద్దుబారుతుంది. గడ్డం దగ్గర పెట్టుకుని మెల్లగా పైకి తీసుకురండి. పెదవులు కొద్దిగా తెరిచి ఉంచి ముక్కుతో పీల్చితే ఘాటు తగ్గి వాసన నిలుస్తుంది. రెండు ముక్కు రంధ్రాలూ ఒకేలా పనిచేయవు, ఒక్కోదాన్ని విడిగా ప్రయత్నించండి. కాసేపటికి ఏమీ తెలియకుండా పోతే మీ మోచేతి మడత వాసన చూసుకోండి, ముక్కు మళ్లీ దారిలో పడుతుంది.

మొదటి గుక్కతో తీర్పు చెప్పకండి. నాలుగు చుక్కలంత తీసుకుని నోరంతా తడపండి. నాలుక ఆ మంటకు అలవాటు పడటానికే అది. రెండో గుక్క కొన్ని క్షణాలు నోట్లో ఉంచి, మింగాక లేదా ఉమ్మాక ముక్కుతో గాలి వదలండి. అసలు వాసన అప్పుడు వెనక నుంచి వస్తుంది. ఇప్పుడు ఆ మూడు గడుల పేజీ తీయండి. తగిలిన ప్రతి వాసననూ అది పుట్టిన గది కింద రాయండి. ఆపిల్, అనాస అయితే తొట్టె. గోళ్ల రంగు, తడి అట్ట, కాలిన అగ్గిపుల్ల అయితే స్టిల్. వెనీలా, కొబ్బరి, లవంగం, చేదు అయితే పీపా. అద్దంలా స్పష్టంగా కుదరకపోవచ్చు, కొన్ని వాసనలకు రెండు గదులు పుట్టిల్లు. అయినా మూడు గ్లాసుల తర్వాత చూసుకుంటే, ఈ డిస్టిలరీ బలం ఏ గదిలో ఉందో కళ్లముందు కనిపిస్తుంది. ‘స్మూత్‌గా ఉంది’ అని రాసుకుంటే రేపటికి దాని అర్థం మీకే గుర్తుండదు.

సగం గ్లాసు అయ్యాక కొన్ని చుక్కలు నీళ్లు వేసి మళ్లీ వాసన చూడండి. 2017లో స్వీడన్‌లోని లినేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో దీన్ని పరిశీలించారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం ఎక్కువ ఆల్కహాల్ ఉన్నప్పుడు లోపలే ఉండిపోతుందనీ, నీరు కలిపినప్పుడు ఉపరితలానికి చేరుతుందనీ తేలింది. నీళ్లు వేయగానే కాస్త మబ్బుపడితే కంగారుపడకండి. చల్లబరిచి వడకట్టని సరుకులోని నూనెలవల్ల అలా అవుతుంది, పాడైందని కాదు.

కొనేటప్పుడు, తెచ్చుకునేటప్పుడు

ఆఖరి గ్లాసు ముగించిన వెంటనే కొట్లోకి పోకండి. అప్పటికి ప్రతిదీ బాగున్నట్టే ఉంటుంది. నీళ్లు తాగి, పావుగంట కూర్చుని, మీ నోట్సు మళ్లీ చదివి, ఖాళీ గ్లాసుల వాసన మరోసారి చూడండి. ఆరిపోయిన గ్లాసులో కూడా తీయగా నిలిచి ఉన్నదే కొనదగ్గది. అక్కడ మాత్రమే దొరికే సరుకు ఏదైనా ఉందేమో అడగండి, మామూలు సీసా బయట కూడా దొరుకుతుంది.

విమానంలో తెచ్చుకుంటుంటే శాతం చూసుకోండి. 24 నుంచి 70 శాతం మధ్య ఆల్కహాల్ ఉన్నవి, సీల్ తీయని సీసాల్లో, చెక్-ఇన్ సామానులో మనిషికి 5 లీటర్ల దాకా అనుమతిస్తారు. 70 శాతం దాటినవి అసలు ఒప్పుకోరు. కస్టమ్స్ పరిమితి దీనికి వేరుగా ఉంటుంది, దిగే దేశం నియమాలు విడిగా చూసుకోవాలి.

ఇంట్లో సీసాను నిలబెట్టే ఉంచండి. వైన్‌లా పడుకోబెడితే ఘాటైన ఆల్కహాల్ కార్క్‌ను తినేస్తుంది. ఎండ తగలని చోట పెట్టండి. సీసా మూడో వంతుకు దిగిపోయాక లోపలి గాలితో వాసన నెలల్లోనే చప్పబడుతుంది, మిగిలినదాన్ని శుభ్రమైన చిన్న సీసాలోకి నిండుగా పోసి మూత బిగించండి.